చేబ్రోలు: ఆలయ పట్టణం

చేబ్రోలు గుంటూరు జిల్లాలోని ఒక మండల కేంద్రం. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్ళే రోడ్డు మీద, గుంటూరుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. భీమేశ్వర, నాగేశ్వర, ఆదికేశవ, చతుర్ముఖ బ్రహ్మ ఆలయాలకూ, ఆలయ ప్రాంగణాల్లోని రాతి శాసనాలకూ ఈ ఊరు ప్రసిద్ధి. శాతవాహనుల చివరి దశ నుంచి వాసిరెడ్డి జమీందారుల కాలం వరకు, సుమారు పదహారు వందల ఏళ్ళ చరిత్రకు ఇక్కడి రాళ్ళలో ఆధారాలున్నాయి.

ఆలయ పట్టణం అన్న మాట సాధారణంగా ఒకే మహాలయం చుట్టూ పెరిగిన ఊరికి వాడతారు. తిరుపతి, శ్రీకాళహస్తి అలాంటివి. చేబ్రోలు ఆ కోవలోది కాదు. ఒక్కో కాలంలో ఒక్కో పాలకుడు తన ఇష్టదైవానికి ఇక్కడ గుడి కట్టించాడు. ముందున్న గుడి పాతబడితే పక్కన కొత్తది లేచింది. అందుకే ఈ ఊరికి ఒకే క్షేత్రాధిపతి, ఒకే స్థలపురాణం అంటూ లేవు. గోపురాల ఎత్తు చూసి అంచనా వేస్తే చేబ్రోలు చిన్న ఊరే. శాసనాలు చదివితేనే దాని స్థాయి తెలుస్తుంది.

పేర్లు

శాతవాహన శాసనంలో ఈ ఊరి పేరు తాంబ్రాపె. తూర్పు చాళుక్య రాజు యుద్ధమల్లుని బెజవాడ శాసనంలో చేబ్రోలుగానే కనిపిస్తుంది. కాకతీయుల కాలపు సంస్కృత శాసనంలో తామ్రపురి అయింది. అది షణ్ముఖుడి నగరమని కూడా అందులో ఉంది. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి కాలంలో చతుర్ముఖపురం అనే పేరు కూడా వచ్చింది. జనం మాత్రం చేబ్రోలు అనే పిలుస్తూ వచ్చారు.

స్థానం

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానంలో రెండు రకాల నేలలున్నాయి. పడమర వైపు మార్టూరు, చిలకలూరిపేట, పర్చూరు ప్రాంతమంతా పత్తి, మిరప పండే నల్లరేగడి. తూర్పున కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల కింద వరి మాగాణి. చేబ్రోలు ఈ రెంటికీ నడుమ, డెల్టా అంచున ఉంది. సముద్రతీరపు రేవుల నుంచి లోతట్టుకు వచ్చే సరుకూ, పై నేలల పంటా కలిసే చోటు కావడం వల్ల వర్తకులకూ సైన్యాలకూ ఇది పనికొచ్చే స్థావరమైంది. వెలనాటి చోడుల రాజధాని చందవోలు కూడా ఇదే మైదానంలో, తీరానికి మరికాస్త దగ్గరగా ఉంది.

చరిత్ర

మాతృకలు, మహాసేనుడు

2019లో భీమేశ్వరాలయం మరమ్మతుల సందర్భంగా ఒక శాసన స్తంభం బయటపడింది. శాతవాహన రాజు విజయుని అయిదో పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. 207లో వేయించినది. భాష సంస్కృతం, లిపి బ్రాహ్మి. తాంబ్రాపెలో భగవతి శక్తిమాతృకల ఆలయం దగ్గర దక్షిణం వైపున కార్తీకుడనే వ్యక్తి ప్రాసాదాన్ని, మండపాన్ని కట్టించి ప్రతిమలు ప్రతిష్ఠించాడని దాని సారాంశం. దక్షిణ భారతదేశంలో అంతవరకు దొరికిన సంస్కృత శాసనాల్లో ఇదే మొదటిదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు చెందిన శాసన విభాగం ప్రకటించింది. అంతకుముందు ఆ స్థానం నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకు రాజు ఎహువల చాంతమూలుని శాసనానిది. సప్తమాతృకల ఆరాధనకు సంబంధించి తొలి శాసనాధారం కూడా ఈ చేబ్రోలు స్తంభమేనని ఆ విభాగం పేర్కొంది.

ఈ శాసనంలో తేదీ కంటే దేవతలు ముఖ్యం. అమరావతి, భట్టిప్రోలు, నాగార్జునకొండ స్తూపాల వల్ల ఆ శతాబ్దాల కృష్ణా లోయ అనగానే బౌద్ధమే గుర్తొస్తుంది. ఆ స్తూపాల పొరుగునే అమ్మతల్లులకు రాతి మండపం కట్టించే గృహస్థులు, దాని గురించి సంస్కృతంలో రాయించే పండితులు ఉన్నారని ఈ స్తంభం చెబుతోంది.

మాతృకలతో పాటు చేబ్రోలులో వెలసిన మరో దైవం కుమారస్వామి. శాసనాలు ఆయనను మహాసేనుడంటాయి. పురాణాల్లో కుమారస్వామిని పెంచింది మాతృకలే కనుక ఈ రెండు ఆరాధనలూ ఒకచోట ఉండటంలో వింత లేదు. శాతవాహనుల తరవాత వచ్చిన ఇక్ష్వాకులు తమ వంశకర్త విరూపాక్షపతి మహాసేనుని అనుగ్రహం పొందినవాడని చెప్పుకున్నారు. తూర్పు చాళుక్యుల ప్రశస్తిలోనైతే మాతృగణం కాపాడినవారమనీ, మహాసేనుని పాదాలను ధ్యానించేవారమనీ రెండూ పక్కపక్కనే వస్తాయి. చాళుక్యులు ఆ ప్రశస్తిని బాదామి నుంచి తమతో తెచ్చుకున్నారు. చేబ్రోలు నుంచి నేర్చుకున్నది కాదు. అయినా వేంగీని ఏలిన ఈ చాళుక్య రాజులకు ఈ ఊరి దేవుడు కొత్తవాడు కాకపోవడానికి కారణం అదే.

కుమారస్వామి జాతర ఎంత పేరున్నదో పదో శతాబ్దపు బెజవాడ శాసనం చెబుతుంది. చేబ్రోలు నుంచి జాతరకు బెజవాడ వచ్చిన కుమారస్వామి తిరిగి వెళ్ళడానికి ఇష్టపడక అక్కడే ఉండిపోయాడని, ఆయనకు గుడీ మఠమూ కట్టించారని యుద్ధమల్లుడు అందులో చెక్కించాడు. మధ్యాక్కర ఛందస్సులో ఉన్న ఈ శాసనం నన్నయకు ముందరి తెలుగు పద్యానికి ముఖ్యమైన సాక్ష్యం. అలా తెలుగు ఛందస్సు చరిత్రలోనూ చేబ్రోలు పేరు చేరింది. (చూ. అద్దంకి శాసనం)

చాళుక్యుల నుంచి కాకతీయుల వరకు

భీమేశ్వరాలయాన్ని చాళుక్య భీముడు (పాలన 892–921) కట్టించాడని ప్రతీతి. సామర్లకోట, ద్రాక్షారామాల్లోని భీమేశ్వరాలయాలనూ ఆయనకే ఆపాదిస్తారు. 11, 12 శతాబ్దాల్లో చాళుక్య చోళుల సామంతులైన వెలనాటి చోడులు చందవోలు నుంచి ఈ ప్రాంతాన్ని ఏలారు. 13వ శతాబ్దం మొదట్లో కాకతీయ గణపతిదేవుడు (పాలన 1199–1262) తీరాంధ్రం మీదికి దండెత్తడంతో వారి ప్రాబల్యం ముగిసింది.

జాయప సేనాని

ఆ దండయాత్రలో గణపతిదేవుడు దివిసీమను ఏలుతున్న అయ్య వంశంతో వియ్యమందాడు. ఆ ఇంటి ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను పెళ్ళాడి, వారి తమ్ముడు జాయనను (జాయప సేనాని) తన కొలువులో చేర్చుకున్నాడు. జాయన గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి అయ్యాడు. వైరిగోధూమఘరట్ట అనే బిరుదు అతనిది: శత్రువులనే గోధుమలను విసిరే తిరగలి. గణపతిదేవుడు తామ్రపురిని జాయనకు అప్పగించాడు.

శక సంవత్సరం 1135, అంటే 1213 నాటి చేబ్రోలు శాసనంలో జాయన తన వంశక్రమాన్నీ, తండ్రి పేరు మీద ఇక్కడ చోడేశ్వరాలయం కట్టించిన సంగతినీ రాయించాడు. సరిగ్గా అదే ఏడాది ఓరుగల్లు అవతల పాలంపేటలో గణపతిదేవుడి మరో సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడి శాసనం వేయించాడు. కాకతీయ సైన్యాధిపతులకు యుద్ధమూ గుడి కట్టడమూ రెండూ కొలువులో భాగమే అనిపిస్తుంది. 1231లో జాయన తన ప్రభువు పేరు మీద దివిసీమలో గణపేశ్వరాలయం కూడా కట్టించాడు.

అయితే రామప్పలో రుద్రుడి పేరు నిలబెట్టింది శిల్పం. జాయన పేరు నిలబెట్టింది పుస్తకం. సంస్కృతంలో అతను రాసిన నృత్తరత్నావళి 1253–54 ప్రాంతంలో పూర్తయింది. చేబ్రోలు శాసనానికి నలభై ఏళ్ళ తరవాత, ముదిమిలో రాసిన గ్రంథమన్నమాట. గుండామాత్యుడనే గురువు దగ్గర నాట్యం నేర్చుకున్నట్లు జాయన చెప్పుకున్నాడు. ఎనిమిది అధ్యాయాల ఈ గ్రంథంలో మొదటి నాలుగు భరతుని సంప్రదాయాన్ని అనుసరించే మార్గ పద్ధతికి, తక్కిన నాలుగు దేశికి కేటాయించాడు. మార్గ భాగానికి పూర్వగ్రంథాల ఆసరా ఉంది. దేశి భాగం విలువ వేరు: పేరణి, కందుకం, చిందు, కోలాటం, బహురూపం వంటి ఆటలను తన కాలంలో ఆడుతున్న తీరులో నమోదు చేశాడు. రాజాస్థానంలో ఉన్న సేనాపతి వీధుల్లో ఆడే ఆటల అడుగులను శాస్త్రగ్రంథంలో రాయడం అరుదు. చేబ్రోలు ఆలయ మండపాల్లోనూ జాతరలోనూ చూసిన నాట్యం ఇందులో కొంతైనా ఉండి ఉంటుందని ఊహించవచ్చు.

వి. రాఘవన్ సంపాదకత్వంలో ఈ గ్రంథం 1965లో మద్రాసు నుంచి అచ్చయింది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ దీనిని తెలుగు చేశారు. 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవాన్ని పునరుద్ధరించినప్పుడు ఆధారం చేసుకున్నవి రెండు: రామప్ప గుడి శిల్పాలు, జాయన గ్రంథం. (చూ. పేరిణి, రామప్ప దేవాలయం)

వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు

1323లో కాకతీయ రాజ్యం పడిపోయాక ఈ మైదానం అద్దంకి, కొండవీటి రెడ్డి రాజుల చేతికి, తరవాత గజపతులకు, 1515లో శ్రీకృష్ణదేవరాయలకు, 1579లో గోలకొండకు, 1788లో ఈస్టిండియా కంపెనీకి చేరింది. చేబ్రోలుకు మళ్ళీ పెద్ద నిర్మాణం వచ్చింది అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి (మరణం 1816) కాలంలో. ఆయన రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చి, ఈ ప్రాంతంలో అనేక ఆలయాలకు మరమ్మతులు చేయించాడు. 1807–09లో మంగళగిరి తూర్పు గాలిగోపురం ఎత్తించాడు. అమరావతిలో కొత్త పట్నం కోసం మనుషులు దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వుతుండగా మహాస్తూపం శిల్పాలు బయటపడటం, 1798లో కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వాటిని చూడటం ఈ నిర్మాణాల హడావిడిలో జరిగినవే.

చెంచులను చంపించిన పాపానికి పరిహారంగా ఆయన ఇన్ని గుళ్ళు కట్టించాడన్న కథ గుంటూరు సీమలో బాగా వినిపిస్తుంది. కథ సంగతి ఎలా ఉన్నా, కొత్తగా రాజధాని మార్చిన జమీందారుకు ఆలయ నిర్మాణం అధికారాన్ని చాటుకునే మార్గం కూడా.

ఆలయాలు

చతుర్ముఖ బ్రహ్మ ఆలయం. వెంకటాద్రినాయుడు కట్టించిన ఈ గుడి కోనేటి నడుమ ఉంది. గట్టు నుంచి దారి గుండా లోపలికి వెళ్ళాలి. గర్భగుడిలో లింగాకారపు శిలకు నాలుగు వైపులా బ్రహ్మ ముఖాలున్నాయి. బ్రహ్మకు భూలోకంలో పూజలు ఉండవన్న పురాణ శాపం వల్లే విగ్రహాన్ని లింగంతో కలిపి ప్రతిష్ఠించారని చెబుతారు. చుట్టూ ఇతర దేవతల చిన్న గుళ్ళున్నాయి. దేశంలో బ్రహ్మకు ప్రత్యేకంగా ఉన్న ఆలయాలు కొద్ది. రాజస్థాన్‌లోని పుష్కర్ వాటిలో ప్రసిద్ధం. చేబ్రోలు ఆలయాల్లో వయసులో చిన్నదైనా, బయటి ఊళ్ళ నుంచి వచ్చేవారు ముందుగా అడిగేది ఈ బ్రహ్మ గుడినే.

భీమేశ్వరాలయం. చాళుక్య సంప్రదాయపు శివాలయం. 207 నాటి శాసనం దొరికింది ఇక్కడే. ఒక దైవానికి ఇచ్చిన దానశాసనం మరో దైవం ప్రాంగణంలో దొరకడం ఈ ఊరిలో వింత కాదు. పాత మండపపు రాళ్ళను కొత్త గుడిలో వాడుకోవడం ఆంధ్రదేశమంతటా ఉన్న అలవాటే.

నాగేశ్వరాలయం. గాలిగోపురం, స్తంభాల మండపం ఉన్న పెద్ద ప్రాంగణం. జాయన శాసనంతో ముడిపడిన ఆలయం కావడం వల్ల చరిత్ర విద్యార్థులు వెతుక్కుంటూ వచ్చేది ఇక్కడికే.

ఆదికేశవ ఆలయం వైష్ణవ సంప్రదాయానిది.

ఈ ఆలయాలన్నింటినీ ఒకే వాస్తు శైలిగా చెప్పడం కుదరదు. పదేపదే జరిగిన జీర్ణోద్ధరణల వల్ల ఒకే గుడిలో అధిష్ఠానం ఒక కాలానిది, స్తంభాలు మరో కాలానివి, విమానం మీద సున్నపు పని ఇంకో కాలానిది కావచ్చు.

శాసనాలు: దానం నడిచే తీరు

తీరాంధ్ర ఆలయ శాసనాల్లో ఎక్కువగా కనిపించేది అఖండదీప దానం. దాత కొన్ని గొర్రెలనో ఆవులనో గుడికి ఇస్తాడు. గుడి వాటిని ఒక బోయకు, అంటే పశువుల కాపరికి అప్పగిస్తుంది. మందను మేపుకుంటూ, దాని పాడి అనుభవిస్తూ, అందుకు బదులుగా రోజుకు ఒక మానెడు నెయ్యి దీపానికి పోయడం ఆ బోయ వంతు. ఈ బాధ్యత అతని సంతానానికీ సంక్రమిస్తుంది. మంద తగ్గకూడదు, దీపం ఆరకూడదు; సూర్యచంద్రులున్నంత కాలం ఇది సాగాలని శాసనం ముగింపులో రాస్తారు.

భూదానమైతే పొలం ఎల్లలు నాలుగు దిక్కులా రాస్తారు: ఏ చెరువు, ఏ పుట్ట, ఏ చెట్టు, ఏ ఊరి పొలిమేర. అర్చకులు, సానులు, మద్దెలవారు, పూలమాలలు కట్టేవారు, వంటవారు ఎవరి వంతు ఎంతో కొన్ని శాసనాల్లో వివరంగా ఉంటుంది. దానాన్ని చెరిపినవారికి పాపం తగులుతుందని శాపశ్లోకం చివర ఉంటుంది. దేవుడి ఆస్తి అన్న భావన వెనక ఇంత పకడ్బందీ లెక్క ఉంది. రాజుల గురించి ప్రశస్తులు చెప్పేదానికంటే సామాన్యుల బతుకు గురించి ఈ దీప శాసనాలు చెప్పేదే ఎక్కువ.

నిర్వహణ, సంరక్షణ

జమీందారుల, ధర్మకర్తల పాలనలో ఉన్న ఆలయాల మీద ప్రభుత్వ పర్యవేక్షణ 1927 నాటి మద్రాసు హిందూ మత ధర్మాదాయ చట్టంతో బలపడింది. ప్రస్తుతం రాష్ట్రంలో 1987 నాటి దేవాదాయ చట్టం అమల్లో ఉంది. వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని, అర్చకత్వ హక్కును రద్దు చేసింది ఆ చట్టమే. పూజలు, ఆస్తులు దేవాదాయ శాఖ చూస్తుంది. శాసనాలను చదివి నమోదు చేయడం పురావస్తు సర్వేక్షణకు చెందిన శాసన విభాగం పని.

తీరాంధ్ర పాత గుళ్ళకు ఈ రోజుల్లో ఉన్న ముప్పు పాడుపడటం ఒక్కటే కాదు. భక్తితో చేయించే బాగుచేత కూడా ముప్పే. స్తంభాలకు పూసే సున్నం, రంగు అక్షరాలను నింపేస్తాయి. నేల మీద పరిచే నున్నటి గ్రానైట్ పలకల కింద పాత బండలు మాయమవుతాయి.  అసలు రాయిని కాపాడాలంటే రంగును జాగ్రత్తగా తొలగించి, కాగితపు అచ్చు తీయించి, తరవాతే మరమ్మతు మొదలుపెట్టాలి. 2019లో దొరికిన శాసన స్తంభం మరమ్మతుల్లోనే వెలుగు చూసింది కనుక పనిని గమనించే కన్ను ఉంటే జీర్ణోద్ధరణ వల్ల లాభం కూడా ఉంది.

సందర్శన

మార్టూరు వైపు నుంచి వచ్చేవారికి రెండు దారులున్నాయి. జాతీయ రహదారి 16 మీద చిలకలూరిపేట, గుంటూరు మీదుగా వెళ్ళడం తేలిక. పర్చూరు మీదుగా బాపట్ల చేరి, అక్కడి నుంచి పొన్నూరు రోడ్డు పట్టడం రెండో దారి; ఇందులో బాపట్ల, పొన్నూరు భావనారాయణ ఆలయాలు కూడా కలిసివస్తాయి. గుంటూరు బస్టాండు నుంచి పొన్నూరు వైపు బస్సులు చేబ్రోలు మీదుగానే వెళ్తాయి. రైలులో వచ్చేవారికి గుంటూరు–తెనాలి మార్గంలోని వేజండ్ల దగ్గరి స్టేషన్.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. కార్తీక మాసంలోనూ, మహాశివరాత్రికీ శివాలయాల్లో రద్దీ ఉంటుంది. శాసనాలు చూడాలనుకునేవారు ఆ రోజులు కాక మామూలు రోజుల్లో వెళ్ళడం మేలు. ఫిబ్రవరి తరవాత మైదానమంతా మిరప కల్లాలతో ఎర్రబడుతుంది. ఆ రోజుల్లో గుంటూరు మిర్చి యార్డు వైపు లారీల వల్ల ప్రయాణం నెమ్మదిస్తుంది. చిన్న ఆలయాలు మధ్యాహ్నం మూసి ఉంటాయి కనుక పొద్దున్నే చేరాలి. ఉదయపు ఏటవాలు ఎండలో అరిగిన అక్షరాలు స్పష్టంగా కనబడతాయన్నది మరో కారణం. అక్షరాల మీద సుద్దముక్క రుద్దడం, నూనె పూయడం చేయకూడదు. ఫోటోలకు అర్చకుల అనుమతి అడగాలి. గర్భగుడిని ఎక్కడా ఫోటో తీయనివ్వరు.

ఇరుగుపొరుగు చారిత్రక స్థలాలు

చేబ్రోలును ఒంటరిగా చూస్తే సగమే అర్థమవుతుంది. అమరావతిలో మహాస్తూపమూ, పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరాలయమూ ఒకే ఊళ్ళో ఉన్నాయి. పల్నాడు వైపు చేజెర్లలోని కపోతేశ్వరాలయం గజపృష్ఠాకారంలో ఉండటం వల్ల బౌద్ధ చైత్యాలయం నుంచి శివాలయంగా మారిన కట్టడానికి ఉదాహరణగా చూపుతారు. చందవోలులో వెలనాటి చోడుల నాటి లింగోద్భవస్వామి ఆలయం ఉంది.

మార్టూరు వైపు నుంచి వచ్చేవారికి అన్నింటికన్నా దగ్గర అద్దంకి. 848 నాటి పండరంగని శాసనంలో తరువోజ పద్యం దొరికింది ఆ ప్రాంతం నుంచే. ప్రోలయ వేమారెడ్డి తొలి రాజధాని, ఎర్రాప్రగడ కొలువు చేసిన చోటు కూడా అదే. తీరాన మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో ఓడ వర్తకులకు అభయశాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును జప్తు చేసే పాత పద్ధతిని మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని అందులో హామీ ఇచ్చాడు. జాయన అప్పటికి గణపతిదేవుడి కొలువులోనే ఉన్నాడు. (చూ. మోటుపల్లి, అద్దంకి, చందవోలు)